పనిలో మనిషిని చూచు పరీక్ష

2019వ సంవత్సరము జనవరి మాసమున, ఇంగ్లండులోని సాండ్రింగ్‌హామ్ రాజభవనమునకు సమీపమున, ఎలిజబెత్ రాణి భర్తయగు ఫిలిప్ ప్రభువు 97 ఏండ్ల వయసున తన బండిని తానే నడుపుకొనుచు పెద్దబాటలోనికి వచ్చుచుండగా, ఆ బాటను పోవుచున్న మరియొక కారు దానికి తగిలి ప్రమాదము సంభవించెను. ప్రభువు బండి బోల్తా పడినను ఆయనకు చెప్పుకోదగిన గాయమేమియు కాలేదు. రెండవ కారులోని స్త్రీలిరువురు గాయపడిరి. వారితో నున్న పసిబిడ్డ క్షేమముగా బయటపడెను. వాలుపొద్దు వెలుగు కన్నులలో పడినందున వచ్చుచున్న కారు తనకు కానరాలేదని ఆయన పిమ్మట లేఖ వ్రాసి విచారము తెలిపి, ఫిబ్రవరిలో తన లైసెన్సును తానే ఒప్పగించివేసెను.

ఆ దినములలో పత్రికలయందు సాగిన వాదప్రతివాదములు చాలవరకు ఒక్క ప్రశ్న చుట్టును తిరిగినవి: ఏ వయసు దాటిన పిదప మనుష్యుని కారు నడుపనీయరాదు? ఈ ప్రశ్న పుట్టుకలోనే దోషమున్నదని నా యభిప్రాయము. ఎనుబదవ యేట స్థిరమైన చూపును, చురుకైన కాలును, నిదానమైన మనసును గలవారున్నారు. ఏబదియైదవ యేట షుగరు వ్యాధి మూలమున అరికాలు మొద్దుబారి, తాము త్రొక్కుచున్నది బ్రేకో ఆక్సిలరేటరో పాదమునకు తెలియనివారును ఉన్నారు. పుట్టినతేది చూచి వీరిని వేరుచేయుట సాధ్యము కాదు; రోగము పేరు విని వేరుచేయుటయు సాధ్యము కాదు, ఏలయన ఒకే పక్షవాతము ఒకని చేతిని మాత్రము తాకి విడిచిపెట్టును, మరియొకని చూపులో సగభాగమును హరించును. మనుష్యుడు ఆ పనిని చేయుచుండగా ప్రక్కన నిలిచి చూచిననే గాని నిజము తేలదు; అట్లు చూచుటను ఒక శాస్త్రముగా అభ్యసించినవారే ఆక్యుపేషనల్ థెరపిస్టులు.

ఫిజియోథెరపిస్టు మోకాలు ఎంతవరకు వంగుచున్నదో కొలిచి, దానిని మరికొంత వంగునట్లు చేయుటకు పూనుకొనగా, ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ మోకాలితోనే ఆ వ్యక్తి తన యింటి మరుగుదొడ్డిలో కూర్చుండి లేవగలుగుచున్నాడా, డాబామీద ఆరవేసిన బట్టలను తెచ్చుకొనగలుగుచున్నాడా, సంతకుపోయి సంచితో తిరిగి రాగలుగుచున్నాడా యని విచారించును. 1917లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందలి క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అను చిన్న పట్టణమున కొలదిమంది సమావేశమై ఈ వృత్తికొక సంఘమును స్థాపించిరి; మొదటి ప్రపంచ సంగ్రామమున అంగములు కోల్పోయి వచ్చిన సైనికుల యక్కర దీనికి వెంటనే పని కల్పించెను. మన దేశమునకు దీనిని తెచ్చినవారు కమలా నింబ్కర్. ఆమె పుట్టుకచే అమెరికా దేశస్థురాలు, పూర్వనామము ఎలిజబెత్ లండీ. భారతీయుని వివాహమాడి, ఈ దేశమునే తన దేశముగా చేసికొని, 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకొక పాఠశాలను నెలకొల్పిరి. 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినపుడు దానిని స్థాపించిన పది దేశములలో భారతదేశ మొకటి. ఇంత పాత చుట్టరికముండియు, హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నము వంటి నగరములలో ఆటిజము గల పిల్లల తల్లిదండ్రులకు సుపరిచితమైన ఈ విద్య, వృద్ధుల యిండ్లకు మాత్రము ఇంకను సరిగా చేరలేదు.

స్వతంత్రముగా జీవించుట యనునది వినుటకు పెద్ద మాటయే కాని, దానిని కొలువబోయినవారు మిక్కిలి చిన్న పనులనుండి మొదలుపెట్టిరి. సిడ్నీ కాట్జ్ అను అమెరికా వైద్యుడు 1963లో తన మిత్రులతో గూడి ప్రకటించిన పట్టికలో ఆరు పనులున్నవి: స్నానము చేయుట, బట్టలు కట్టుకొనుట, మరుగుదొడ్డికి పోయి వచ్చుట, మంచముమీదనుండి కుర్చీలోనికి మారుట, మలమూత్రములను ఆపుకొనగలుగుట, అన్నము నోటికి అందించుకొనుట. ఇవి శరీరరక్షణకు సంబంధించినవి. ఆరేండ్ల పిమ్మట, అనగా 1969లో, లాటన్, బ్రోడీ యను పరిశోధకులు మరియొక మెట్టు పైకి పోయి, ఎనిమిది లోకవ్యవహారములను చేర్చిరి: టెలిఫోను వాడుట, సరకులు కొనుట, వంట, ఇల్లు చక్కబెట్టుకొనుట, బట్టలుదుకుట, ప్రయాణము, వేళకు మందులు వేసికొనుట, డబ్బు లెక్క చూచుకొనుట. ఈ రెండవ పట్టికలోని శక్తులు సామాన్యముగా మొదట సడలును. మొదటి పట్టికలోనివి చివరివరకు నిలుచును. కనుక, తండ్రి శుభ్రముగా స్నానము చేసి, మడతనలగని పంచె కట్టుకొని, వేళకు భోజనము చేయుచున్నాడు గదాయని నిశ్చింతగా నుండు కుమారుడు, ఆయన కరెంటు బిల్లును మూడుమార్లు కట్టిన సంగతిని గమనింపకపోవచ్చును.

కాట్జ్ పద్ధతిలో ఒక నియమము కలదు. చేయగలిగియు చేయనివానిని చేయుచున్నవానిగా లెక్కింపరాదు. అతడు నిజముగా ఏమి చేయుచున్నాడో అదియే వ్రాయవలెను. వినుటకిది కఠినముగా తోచును గాని, మన కుటుంబములను దగ్గరగా ఎరిగినవారికి దీని విలువ తెలియును. పక్షవాతము వచ్చి కొంత కోలుకొన్న పెద్దాయన మంచినీళ్ళకై లేవబోవును; "మీరు కూర్చోండి మామయ్యా, నేను తెస్తానుగా" అని కోడలు పరుగున వచ్చును. చొక్కా గుండీలు పెట్టుకొనుటకు ఆయన రెండు నిమిషములు తడబడును. "ఇటివ్వండి నాన్నా, ఆలస్యమవుతోంది" అని కుమారుడు తానే పెట్టివేయును. ఇందులో ఎవరి దోషమును లేదు, ఉన్నదంతయు ప్రేమయే. ఐనను ఆరు మాసములు గడచునప్పటికి, ఆ వ్రేళ్ళలో మిగిలియుండిన నేర్పును, ఆ కాళ్ళలో మిగిలియుండిన సత్తువయు వాడుక లేక క్షీణించును. చేతగానిదేది, చేయనీయనిదేది యని విడదీయుటయే ఇంటికి వచ్చిన థెరపిస్టు యొక్క మొదటి కార్యము. అందుకై ఆమె కుటుంబసభ్యులను కాసేపు వేరొక గదిలో కూర్చుండుమని కోరుటయు కలదు. కొందరి కది మర్యాదలేమిగా తోచునట.

లాటన్ పట్టికను గూర్చిన ఒక వింతను చెప్పక ముందునకు సాగలేను. తొలినాళ్ళలో స్త్రీలకు ఎనిమిది పనులను లెక్కించి, పురుషులకు మాత్రము వంట, ఇల్లు చక్కబెట్టుట, బట్టలుదుకుట అను మూడింటిని విడిచి ఐదు పనులనే లెక్కించెడివారు. వంట రాకపోవుట పురుషునకు వైకల్యము కాదని నాటి అమెరికా కూడ మనవలెనే తలచినదన్నమాట. భార్య గతించిన పదునైదవ దినమున, బంధువులందరు వెడలిపోయిన పిదప, గ్యాసు రెగ్యులేటరును ఎటు త్రిప్పవలెనో తెలియక వంటగదిలో నిలిచిపోవు విశ్రాంత ఉద్యోగికి ఏ జబ్బును లేదు. అతడు ఒంటరిగా బ్రదుకగలడా యని అడిగిన, ఆ మినహాయింపు పట్టిక సరియైన సమాధానము చెప్పజాలదు. అట్లే టెలిఫోను. 1969లో రిసీవరు నెత్తి నంబరు త్రిప్పగలిగిన చాలును. నేడు బ్యాంకువాడనని నమ్మబలికి ఓటీపీ అడుగు అపరిచితునకు అది చెప్పకుండుట కూడ టెలిఫోను వాడుటలో భాగమైపోయినది. తెలివైన థెరపిస్టు ఈ ప్రశ్నను తానే చేర్చుకొనును.

పరదేశమున పుట్టిన కొలతలను యథాతథముగా మన వారిమీద ప్రయోగించుటలో మరియొక చిక్కు కలదు. బుద్ధి చురుకుదనమును చూచుటకు ప్రసిద్ధమైన ఒక పరీక్షలో అంకెను, ఇంగ్లీషు అక్షరమును మార్చి మార్చి గీతతో కలుపుచు పోవలెను. బడి ముఖము చూడని అవ్వకు దానిని ఇచ్చి, ఆమె బుద్ధి మందగించినదనుట అన్యాయము. హర్యానా రాష్ట్రమందలి బల్లభ్‌గఢ్ ప్రాంత గ్రామములలో పరిశోధకులు ఈ చిక్కునే ఎదుర్కొని, అక్షరజ్ఞానములేని వృద్ధులు నిత్యము చేయు పనులనే ఆధారముగా గైకొని ఒక పట్టికను సిద్ధము చేసి 1999లో ప్రకటించిరి. భారత వైద్య పరిశోధన మండలి పూనికతో రూపొందిన బుద్ధివ్యాపార పరీక్షలు తెలుగునను కలవు. ఐనను పరీక్షాపత్రము తెలుగైనంతమాత్రమున చాలదు: నేలమీద కూర్చుండి లేచుట, బకెట్టునుండి చెంబుతో నీళ్ళు ముంచుకొనుట, ఆరు గజముల చీర కుచ్చిళ్ళు పోసి కట్టుకొనుట, దేవుని గదిలో దీపము వెలిగించుట, వీనిని అడుగక తెలుగు ముత్తైదువ దినచర్యను కొలిచితి మనుకొనుట వట్టి భ్రమ.

ఇక వంటగదికి పోదము. బ్రిటిషు ఆసుపత్రులలో రోగిని ఇంటికి పంపుటకు ముందు, అచటి అభ్యాస వంటగదిలో ఒక కప్పు టీ కాచుకొని రొట్టెముక్క కాల్చుకొనుమని చెప్పి చూచుట పరిపాటి. మన యింట నైనచో ఉప్మా చేయుమనవలెను. పని చిన్నదే కాని, దాని కడుపులో ఎన్ని పరీక్షలున్నవో చూడుడు. రవ్వ డబ్బా ఏ అరలో నున్నదో జ్ఞాపకముండవలెను. దానిని అందుకొనుటకు పీటయెక్కవలసివచ్చునా యన్నది వేరొక ప్రశ్న. మిరపకాయ తరుగుటకు రెండు చేతులును కావలెను. పోపు మాడకముందే నీళ్ళు పోయవలెను. నీళ్ళు రవ్వకు తగిన కొలత కావలెను. మరుగుచుండగా ఒక చేత రవ్వ జల్లుచు మరియొక చేత కలుపవలెను. ఇంతలో థెరపిస్టు కావలెననియే ఏదో మాట కలుపును, లేదా ఫోను మ్రోగునట్లు చేయును: వంట చేయుచున్న యామె పొయ్యి తగ్గించి పోవునా, మరచి పోవునా? తప్పు జరిగినపుడు దానిని తానే కనిపెట్టి దిద్దుకొనుచున్నదా? కనిపెట్టి దిద్దుకొను శక్తి గలవారిని కొన్ని మార్పులతో ఒంటరిగా విడువవచ్చును; తప్పు జరిగిన సంగతియే తెలియనివారి విషయమున పొయ్యికి దానంతట అదే ఆరిపోవు ఏర్పాటో, మనిషి తోడో కావలెను.

మెదడులో కుడిభాగమునకు దెబ్బ తగిలినవారిలో కొందరికి ఎడమవైపు లోకము ఉన్నట్లే తోచదు. కన్ను చూచుచునే యుండును, మనసు దానిని లెక్కచేయదు. విస్తరిలో కుడిప్రక్కనున్న పప్పును కూరను తిని, ఎడమప్రక్క వడ్డించిన పచ్చడిని అప్పడమును ముట్టక, "ఇంకేమీ వెయ్యలేదేం?" అని అడుగుదురు. తమకు లోపమున్నదని వారికి తోచదు. అది మొండితనము కాదు, వ్యాధిలో నొక భాగమే. ఇట్టివారు "నేను బాగానే యున్నాను, కారు తాళములిమ్ము" అని గట్టిగా అడిగినపుడు, వారి మాటను మాత్రమే నమ్మిన ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. మన దేశమున బండ్లు ఎడమవైపున నడచును. ఆ వైపుననే పాదచారులును, నిలిపిన ఆటోలును, సందులోనుండి చివాలున వచ్చు సైకిళ్ళును.

ఇంటిని చూచుటయు మనిషిని చూచుటతో సమానముగా సాగవలెను, ఏలయన ఒకే మోకాలు ఒక యింట స్వతంత్రము, వేరొక యింట పరాధీనము. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము జారియో తూలియో పడుటవలన ప్రపంచమున ఏటేట 6,84,000 మంది మరణించుచున్నారు. వారిలో వృద్ధులదే పెద్ద భాగము. మన కొత్త యిండ్లలో అద్దమువలె మెరయు గ్రానైటు నేలమీద తడి కనబడదు. స్నానాల గదిలో సబ్బునీరు నిలుచును. పట్టుకొనుటకు దొరకునది తువ్వాలు వ్రేలవేయు సన్నని గొట్టము మాత్రమే, అది మనిషి బరువునకు ఊడివచ్చును. గోడలోనికి గట్టిగా బిగించిన కడ్డీ, నీళ్ళు పోసికొనుటకు ఎత్తుపీట లేక ప్లాస్టిక్ కుర్చీ, మంచమునుండి చేయిచాపిన అందు దీపపు స్విచ్చి: ఈ మూడింటికి అగు వెచ్చము తుంటియెముక విరిగినపుడు ఆసుపత్రిలో కట్టు మొత్తములో లెక్కకు రాదు. ఇక గడప సంగతి. శుక్రవారము పసుపు రాచి బొట్టు పెట్టు గడపను తీసివేయుడని చెప్పిన థెరపిస్టు మాటను ఏ యింటను వినరు, వినకపోవుటయు న్యాయమే. దానిని అట్లేయుంచి, ద్వారబంధమునకు ఇరువైపుల పట్టుకొను పిడులు బిగించి, గడప అంచు స్పష్టముగా కానవచ్చునట్లు రంగు వేయించుట చాలును. చక్రాల కుర్చీ యైనచో వాలుబాట కావలెను. ఒక అంగుళము ఎత్తునకు పన్నెండు అంగుళముల పొడవు చొప్పున, ఆరంగుళముల మెట్టు దిగుటకు ఆరడుగుల వాలు పట్టును. వీధిగుమ్మము ముందు అంత చోటు లేని యిండ్లే మనకు మెండు.

ఇట్లు ఇంటికి వచ్చి చూచిపోవుటవలన ప్రయోజనమున్నదా యను సందేహమును 1999లో ప్రకటితమైన ఒక పరిశోధన చాలవరకు తీర్చినది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున రాబర్ట్ కమింగ్ మొదలగువారు 530 మంది వృద్ధులను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమువారి యిండ్లకు మాత్రము ఆక్యుపేషనల్ థెరపిస్టును పంపిరి. అంతకుముందు ఏడాదిలో ఒకమారైన పడియుండినవారిలో, థెరపిస్టు వచ్చి చూచిన వర్గమున పడుటలు గణనీయముగా తగ్గినవి. ఇందులో నాకు మిక్కిలి రుచించిన సంగతి వేరు: ఇంటిలోపల పడుటలు తగ్గినట్లే, ఇంటి వెలుపల పడుటలును తగ్గినవి. తీసివేసిన చాప, బిగించిన కడ్డీ వీధిలో పడకుండ కాపాడజాలవు గదా! థెరపిస్టుతో జరిగిన సంభాషణలో ఆమె చూపిన ప్రమాదములను విని, ఆ మనుష్యుడు అడుగువేయు తీరునే మార్చుకొనియుండవలెను. లాస్ ఏంజెలిస్ నగరమున 361 మంది వృద్ధులతో జరిగి 1997లో ప్రకటితమైన మరియొక పరిశోధనయు ఈ దిక్కునే చూపును. అందు ఊరక కాలక్షేప కార్యక్రమములకు పోయినవారికి ఏ విశేషలాభమును కలుగలేదు. తమ దినచర్యను తాము దిద్దుకొనుటను థెరపిస్టు సాయమున నేర్చినవారికే ఆరోగ్యమును మనోధైర్యమును మెరుగైనవి.

ఇక మొదట ఎత్తుకొన్న కారు సంగతి: దాని పరీక్ష రెండు అంకములుగా నడచును. మొదటిది గదిలో. చూపు స్పష్టతను, ప్రక్కచూపు విస్తారమును, మెడ ఎంతవరకు తిరుగుచున్నదో, పాదమునకు స్పర్శ తెలియుచున్నదో లేదో, కాలు ఆక్సిలరేటరునుండి బ్రేకుమీదికి ఎంత త్వరగా మారునో చూతురు. పది అడుగులు నడచి వెనుదిరిగి వచ్చుటకు ఎంత కాలము పట్టునో గడియారము పట్టి కొలుతురు. ఈ చిన్న నడక కాళ్ళ బలమును, తూకమును ఒక్కసారిగా బయటపెట్టును. మనసును చూచు పరీక్షలలో కార్లీన్ బాల్, సింథియా ఔస్లీ మొదలగువారు అభివృద్ధి చేసినది యొకటి ప్రత్యేకముగా పేర్కొనదగినది: తెర నడుమ నొక బొమ్మను, అంచున మరియొక బొమ్మను రెప్పపాటు కాలము చూపి, మొదటిది యేమి, రెండవది యెక్కడ అని అడుగుదురు. కంటివైద్యుని బోర్డుమీది చిన్నయక్షరముల వరుసను తడుముకొనక చదివినవారు దీనిలో తడబడుట కలదు. చూచుట వేరు, ఒకేమారు రెండింటిని గ్రహించుట వేరు. మూడురోడ్ల కూడలిలో కావలసినది రెండవది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందునకు దూకును. గ్రహించుటలో ఒక్క సెకను ఆలస్యమైన, బ్రేకుమీద కాలు పడునప్పటికే బండి ఒక పెద్ద బస్సు పొడవును మించిన దూరము పోయియుండును.

ఐనను గదిలోని యే పరీక్షయు తనంతట తాను తీర్పు చెప్పజాలదు. కాగితముమీద తక్కువ మార్కులు వచ్చినవారు నలుబదియేండ్ల అనుభవబలమున బాటమీద చక్కగా నడుపుటయు, కాగితముమీద గెలిచినవారు బాటమీద తడబడుటయు కలదు. అందుచేత రెండవ అంకము బాటమీదనే జరుగవలెను. ఆస్ట్రేలియా పద్ధతిలో, శిక్షకునివైపున కూడ బ్రేకు అమర్చిన కారులో డ్రైవింగు శిక్షకుడు ముందు ప్రక్కసీటున కూర్చుండి ప్రాణరక్షణ భారము వహించును. థెరపిస్టు వెనుకసీటులో కూర్చుండి చూచును, వ్రాయును. కారు మొదట నిర్జనమైన వీధులలో నడచి, క్రమముగా రద్దీ బాటలకు, కూడళ్ళకు, దారులు కలియు చోట్లకు పోవును. కొంతదూరము "కుడికి తిరుగుడు, ఎడమకు తిరుగుడు" అని చెప్పి, పిమ్మట "సూచికలు చూచుకొనుచు రైలుస్టేషనుకు తీసికొనిపొండు" అని ఊరకుందురు. ఆజ్ఞను పాటించుట వేరు, దారిని తానే ఆలోచించుకొనుట వేరు గదా. ఎదుటినుండి వచ్చు బండ్ల నడుమ సందు చూచి కుడికి తిరుగు చోటనే వృద్ధులు ఎక్కువగా చిక్కుపడుదురు. వచ్చు బండి వేగమును, తమ బండి వేగమును, నడుమ దూరమును ఒకేమారు బేరీజు వేయవలసి వచ్చుటయే అందుకు కారణము.

వెనుకసీటున కూర్చున్నయామె నేర్పంతయు, పాత దురలవాటును కొత్త వైకల్యమునుండి విడదీయుటలో నున్నది. ఒక చేతితో స్టీరింగు పట్టుట, అద్దము తక్కువగా చూచుట, అవసరము లేకయే హారను మ్రోగించుట ముప్పది యేండ్ల వాడుకలు కావచ్చును. అవి శిక్షణచే మారవచ్చును. పచ్చదీపమునకు ఆగిపోవుట, బండి మాటిమాటికి ఎడమ అంచునకు జరుగుట, ఒకే తప్పును చెప్పిన పిదపగూడ మరల చేయుట మాత్రము రోగలక్షణములు. మన నగరములలో ఎదురుదారిన వచ్చు మోటారుసైకిళ్ళ నడుమ ఈ భేదమును గుర్తించుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

ఫలితము ఉత్తీర్ణత, అనుత్తీర్ణత అను రెండు ముక్కలుగా నుండదు. ఈ పరీక్షలోని ఔదార్యమంతయు ఇచ్చటనే కలదు. నిరాటంకముగా నడుపవచ్చుననుట యొక తీర్పు. పగటివేళ మాత్రమే, ఇంటినుండి ఇంత దూరములోపల మాత్రమే, గేర్లు తానే మార్చుకొను కారును మాత్రమే నడుపుమనుట మరియొకటి. కుడికాలు చచ్చుబడినవానికి ఎడమకాలితో త్రొక్కు ఆక్సిలరేటరును, రెండు కాళ్ళును లేనివానికి చేతితో నడుపు మీటను, ఒక్క చేయియే గలవానికి స్టీరింగుకు బిగించు గుండ్రని పిడిని సూచింతురు. కొన్నాళ్ళు శిక్షణ పొంది మరల రమ్మనుటయు కలదు. ఇక చాలునని చెప్పవలసి వచ్చుటయు కలదు. థెరపిస్టు చెప్పునది సిఫారసు మాత్రమే. లైసెన్సు నిచ్చునది, త్రిప్పి తీసికొనునది ప్రభుత్వాధికారి.

దేశదేశముల చట్టములు ఈ విషయమున భిన్నముగా నున్నవి. బ్రిటనులో 70 ఏండ్లు నిండగానే లైసెన్సు గడువు ముగియును, తరువాత మూడేండ్లకొకమారు కొత్తది తీసికొనవలెను. పక్షవాతము వచ్చినవారు ఒక నెలపాటు కారు నడుపరాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున 75 ఏండ్లనుండి ఏటేట వైద్యపరీక్ష తప్పనిసరి. 85 దాటినవారు పరిమితి లేని లైసెన్సు నిలుపుకొనవలెనన్న రెండేండ్లకొకమారు బాటమీద నడిపి చూపవలెను, లేదా పరిమిత లైసెన్సుతో తృప్తిపడవలెను. మన దేశమున 2019 నాటి మోటారు వాహనముల చట్ట సవరణము ప్రకారము 55 ఏండ్లు దాటినవారి లైసెన్సు అయిదేండ్లకే చెల్లును. దానికి వైద్యుని ధ్రువపత్రమును జతపరుపవలెను. దరఖాస్తు పత్రములో 25 మీటర్ల దూరమునుండి బండి నంబరు పలక కనబడునా యను ప్రశ్న యున్నది. ఆ వైద్యుడు దరఖాస్తుదారుని కారులో కూర్చుండి చూచినవాడు కాడు. ఆర్టీఓ కార్యాలయపు వాకిట అయిదు నిమిషములలో చేతికందు ఆ కాగితములవలన ఎవరి శక్తి ఎంతయో ఎవరికిని తెలియదు. ఆక్యుపేషనల్ థెరపిస్టు నివేదికకు మన లైసెన్సు విధానమున స్థానము లేదు. పైగా మన పెద్దవారిలో పలువురు నడుపునది కారు కాదు, స్కూటరు. దానిమీద తూకము తప్పిన మనిషిని కాపాడుటకు ఇనుపతొడుగు లేదు, ప్రక్కసీటున శిక్షకుడు కూర్చుండుటకును వీలులేదు. పడమటి దేశముల పద్ధతిని తెచ్చుకొనునపుడు మొదట ఆలోచింపవలసినది ఈ స్కూటరునే యని నా మనవి.

అమెరికాలోని తెలుగువారికి ఈ విషయము మరింత దగ్గరిది. 1965 నాటి వలసచట్టము తలుపు తెరచిన పిదప అచటికి పోయిన డాక్టర్లు, ఇంజనీర్లు నేడు ఎనుబదికి అటునిటు నున్నారు. న్యూజెర్సీ, టెక్సాసు రాష్ట్రముల శివారు కాలనీలలో పాలప్యాకెట్టు కొనవలెనన్నను, గుడికి పోవలెనన్నను కారే శరణ్యము. అచట లైసెన్సు పోవుటయనగా ఇల్లుండియు ఇంటిలో బందీయగుట. అందుచేతనే అచటి థెరపిస్టులు, కారు మానుమని చెప్పుటతో చాలించక, వారమునకు ఎన్నిమార్లు ఎక్కడెక్కడికి పోవలసియుండునో పట్టిక వేసి, ఏ ప్రయాణమునకు ఎవరు తోడు, ఏ దినమున ఏ వాహనము అను ఏర్పాటును గూడ అదే నివేదికలో చేర్తురు. ఆ దేశపు థెరపిస్టుల సంఘము, మోటారిస్టుల సంఘము, వృద్ధుల సంఘము కలిసి నడుపు ఒక కార్యక్రమమున పెద్దవారి కారును, కూర్చుండు తీరును ఉచితముగా చూచి సవరింతురు. రొమ్ముయెముకకును స్టీరింగుకును నడుమ పదియంగుళములైన ఎడముండవలెనను నియమము, గాలిసంచి విచ్చుకొనునపుడు దెబ్బ తగులకుండుటకై, అచట మొదట చూచు వానిలో నొకటి.

మన దేశమున ఇట్టి పరీక్ష కావలసినవారు పెద్ద ఆసుపత్రులలోని పునరావాస విభాగములలో ఆక్యుపేషనల్ థెరపిస్టును అడిగి చూడవచ్చును. 2021 నాటి ఆరోగ్యవృత్తుల కేంద్రచట్టము ఈ వృత్తిని తన పరిధిలో చేర్చినందున, వచ్చినవారి చదువును, నమోదును అడుగుటకు సంకోచింపనక్కరలేదు. బాటమీది పరీక్షకు ఏర్పాటు లేని చోటగూడ గదిలోని పరీక్షయు, ఇంటి పరీక్షయు జరుపుకొనవచ్చును. పోవునపుడు కళ్ళజోడును, వాడు మందుల చీటీలను, చెవిలో పెట్టుకొను యంత్రమును మరువరాదు. కొత్త బూట్లు గాక ఇంటిలో నిత్యము తొడుగు చెప్పులతోనే పోవలెను. నిద్రమాత్ర వేసికొన్న మరునాటి ఉదయము గాక వేరొక వేళ కోరుకొనవలెను. ఇంటివారు "ఆయన బాగానే చేస్తారండీ" అని ముందుగా చెప్పివేయుట తగదు. "ఆయనకేమీ రాదండీ" అనుటయు తగదు. మతిమరుపు వ్యాధియో కంపవాతమో ఆరంభమైనవారి విషయమున ఒకమారు వచ్చిన తీర్పు చిరకాలము నిలువదు. ఆరు మాసములకో సంవత్సరమునకో మరల చూడవలెనని నివేదిక చివర వ్రాసియుండును, ఆ తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తించుకొనుట ఇంటివారి బాధ్యత.